పద్నాలుగు నెలలు వాడిన తోపుడు బండి

మా పాప నడక నేర్చుకోవడానికి రెండు బండ్లు వాడాం. ఒకటి పుట్టింటి నుంచి వచ్చిన మూడు చక్రాల చెక్క బండి, మా తమ్ముడు పట్టుకుని నడిచినదే. రెండోది కడపలోనే 2,200 రూపాయలకు కొన్న నాలుగు చక్రాల బండి. ముందు చిన్న డబ్బా, వెనక పట్టుకునే కడ్డీ ఉంటాయి.

ముందు మా ఇంటి నేల గురించి చెప్పాలి. పాలిష్ చేసిన కడప బండలు, అద్దంలా నున్నగా ఉంటాయి. పాపకు పదో నెల. చెక్క బండి పట్టుకుని లేవబోయింది. బండి ముందుకు జారింది, పాప బోర్లా పడింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తర్వాత గమనించాను, పిల్లలు మొదట బండిని తొయ్యరు, దాన్ని పట్టుకుని పైకి లేస్తారు. బరువంతా కడ్డీ మీదే వేస్తారు. బండి తేలికైతే వెనక్కి ఒరుగుతుంది, లేదా చేతుల్లోంచి జారిపోతుంది.

అందుకే కొత్త బండి డబ్బాలో రెండు కిలోల బియ్యం సంచి పెట్టాం. వెనక చక్రాలకు మర ఉంది, బిగిస్తే నెమ్మదిగా కదులుతుంది. ఈ రెండింటితోనే నా టెన్షన్ సగం తగ్గింది. చక్రాల రబ్బరు పట్టీ మాత్రం నాలుగో నెలకే ఊడింది. మా ఆయన పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టారు, అది ఇప్పటికీ గట్టిగా ఉంది. మేజోళ్లు తీసేసి ఒట్టి కాళ్లతో నడిపించాం, ఈ బండల మీద మేజోళ్లు జారతాయి.

కొనేటప్పుడు కడ్డీని అరచేత్తో గట్టిగా కిందికి నొక్కి చూడండి. ముందు చక్రాలు లేస్తే వద్దు. ఐఎస్ఐ గుర్తు కూడా చూడండి, 2021 జనవరి నుంచి బొమ్మలకు అది తప్పనిసరి.

బంధువులు కూర్చోబెట్టే వాకర్ ఒకటి తెచ్చారు. డాక్టరమ్మ వద్దే వద్దన్నారు. అందులో పిల్లలు మునివేళ్లతో నేలను తన్నుకుంటూ పోతారు, తమ బరువు తాము మోయరు, మెట్ల దగ్గర దొర్లితే తలకే దెబ్బ. కెనడాలో 2004లోనే వాటి అమ్మకం నిషేధించారు. విప్పకుండానే తిరిగి ఇచ్చేశాం.

బండి వల్ల పాప ముందుగా నడిచిందా అంటే, లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు తమంతట తాము నడిచే వయసు సుమారు 8 నెలల నుంచి 17 నెలలు దాటేవరకు ఉంది. "మంచం పట్టె పట్టుకోనీమ్మా, అదే నడుస్తాది" అనేది మా అత్తమ్మ. నిజమే, పట్టె పట్టుకుని పక్కకు వేసిన అడుగులే కాళ్లకు బలమిచ్చాయి. బండి ఇచ్చింది ధైర్యం. మొదట గోడకు తగిలితే ఏడ్చేది. నెలన్నరకు తనే వెనక్కి లాగి, తిప్పుకుని, మళ్లీ బయలుదేరింది. ఆ రోజు ఎంత మురిసిపోయానో!

పదమూడు నెలల పది రోజులకు బండిని హాలు మధ్యలో వదిలేసి, వాళ్ల జేజి దగ్గరకు నాలుగడుగులు వేసింది. ఆ వారమే అత్తమ్మ అరిసెలు చేసి, వాటి మీద పాపతో అడుగులు వేయించి, వీధంతా పంచింది.

ఇప్పుడు పాపకు రెండేళ్లు. అదే బండిలో వసారా నుంచి వంటింటికి ఎర్రగడ్డలు తోసుకొస్తుంది. చక్రం కిర్రుమంటే కొబ్బరినూనె ఒక చుక్క వేస్తున్నాం.