ఇల్లు లేని తోట, హీటరు లేని గది

ఇంగ్లండ్‌లో స్టోక్-ఆన్-ట్రెంట్ ఊరి పక్కనున్న ట్రెంథమ్ తోటలకు వెళ్లేవాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేయండి. మాలాగా రాత్రి బస పెట్టుకోవద్దు. గదికి 98 పౌండ్లు, కారు నిలిపినందుకు మరో 8. సెప్టెంబరు చివరి వారం, బయట వాన. హీటరు మీట ఎటు తిప్పినా చలనం లేదు. కిందికి వెళ్లి అడిగితే యజమానురాలు గోడ మీది క్యాలెండరు చూపించింది. అక్టోబరు ఒకటి దాకా వేయరట! మా ఆవిడ స్వెటరు మీద శాలువా, దాని మీద నా వానకోటు కప్పుకుని, కెటిల్లో నీళ్లు కాచి సీసాలో పోసి కాళ్ల దగ్గర పెట్టుకుంది. పొద్దున శాకాహార ఫలహారమంటే డబ్బా చిక్కుడుగింజలు, చల్లారిన రొట్టె. ఆవకాయ సీసా మాంచెస్టర్‌లో అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది.

తోట గుమ్మం దాకా ఆవిడ మాట్లాడలేదు. లోపలికి వెళ్లాక ఒకటే ప్రశ్న: "ఇల్లే లేని చోటికి ఇంత దూరం ఎందుకండీ?"

నిజమే, ఇల్లు లేదు. ఒకప్పుడు ఇక్కడ ఉన్నది సదర్లాండ్ డ్యూకుల మేడ. తర్వాత లండన్‌లో పార్లమెంటు భవనం గీసిన చార్లెస్ బారీయే 1830లలో దీన్ని పెంచి కట్టాడు. పింగాణీ సామాను చేసే ఊళ్ల మురుగంతా ట్రెంట్ నదిలో చేరి కంపు కొట్టడంతో డ్యూకులు ఉండలేకపోయారు. కౌంటీ వాళ్లకు, అంటే జిల్లా పాలకులకు, ఇస్తామన్నా వాళ్లు తీసుకోలేదు. చివరికి 1910ల మొదట్లో కూల్చేశారు. ఇదంతా చెబితే ఆవిడ, "ఇంకో మేడ ఉంది గనుక పోయారు. మూసీ ఒడ్డున ఉన్నవాళ్లు ఎక్కడికి పోతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

దశాబ్దాల తర్వాత, 2000ల్లో తోటలకు మళ్లీ ప్రాణం పోశారు. ఇటాలియన్ తోటలో తోటల రూపశిల్పి టామ్ స్టువర్ట్-స్మిత్ వేయించిన మొక్కలు, చెరువు గట్టున రాక్షసి మెడూసా తల పట్టుకున్న గ్రీకు పురాణ వీరుడు పెర్సియస్ విగ్రహం, అన్నీ బాగున్నాయి. కానీ ఆవిడ ఆగింది ఇంకో తోటల రూపశిల్పి పీట్ ఉడాల్ఫ్ వేయించిన గడ్డి దగ్గర. గాలికి ఒక పక్కకు ఒరిగి మళ్లీ లేస్తున్న ఆ గడ్డిని చూసి, "మా లంకలో రెల్లు ఇలాగే ఉండేది" అని తడి బెంచీ మీదే కూర్చుండిపోయింది. గోదావరి లంకల్లో పుట్టిన మనిషి. ముప్పావుగంట కదల్లేదు. తర్వాత తాగిన 4 పౌండ్ల టీ ధర కూడా అడగలేదు.

పక్కనే కోతుల అడవి ఉంది, దానికి వేరే టికెట్టు. వెళ్దామా అన్నాను. "డాబా మీద వడియాలు ఎత్తుకుపోయేవాటిని ఊరికే చూస్తున్నాం కదా" అంటూ కారెక్కింది.