బాఖ్ డి మైనర్ కన్చెర్టో: హార్ప్సికార్డా, పియానోనా?

జర్మన్ స్వరకర్త బాఖ్ రచనల జాబితాలో 1052వ నంబరు కన్చెర్టో (ఒక వాద్యాన్ని ముందు నిలిపి, మిగతా బృందం తోడుగా వాయించే రచన) ఏ రికార్డింగుతో మొదలుపెట్టాలని చాలామంది అడుగుతుంటారు. 1738 ప్రాంతంలో బాఖ్ స్వయంగా రాసుకున్న ప్రతి పియానో కన్నా పాతదైన కీబోర్డు వాద్యం హార్ప్సికార్డ్‌కే. అలాగని పియానో మీద వినకూడదని కాదు.

నా లెక్కలో తేల్చేది మొదటి భాగంలోని ఒక పనితనం. ఈ రచన మొదట వయొలిన్ కన్చెర్టో అయి ఉంటుందని పండితుల్లో ఎక్కువమంది అంటారు. ఆ మూలం దొరకలేదు. ఖాళీ తీగనూ, వేలు నొక్కిన పక్క తీగనూ కమాను మార్చిమార్చి తాకుతుంటే ఒక స్వరం కదలకుండా మోగుతుంది, రెండోది దాని చుట్టూ నడుస్తుంది. బారియోలాజ్ అనే ఈ వరసలే ఇక్కడ కీబోర్డు మెట్ల మీదికి వచ్చాయి.

హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే చిన్న ములుకు తీగను మీటుతుంది. వీణలో మీటు బలం వేలి ఇష్టం. ఇక్కడ ఎంత గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు అంతే. అందుకే రెండు స్వరాలూ సమానంగా రాపాడతాయి, ఉద్వేగం పెరుగుతూ పోతుంది. పియానిస్టు సహజంగానే ఆగి ఉన్న స్వరాన్ని తగ్గించి, కదిలేదాన్ని పైకి తెస్తాడు. పాట స్పష్టమవుతుంది, బిగువు సడలుతుంది. స్వరాలను మోగుతూ ఉంచే పెడల్ ఎక్కువైతే ఆ స్పష్టతా అలుక్కుపోతుంది. పియానిస్టు గ్లెన్ గౌల్డ్ 1957లో ఆర్కెస్ట్రా నిర్దేశకుడు బెర్న్‌స్టైన్‌తో చేసిన రికార్డింగు నిలబడేది స్వరాలను విడివిడిగా పలికించినందువల్లే.

నా ఓటు హార్ప్సికార్డ్‌కే, ఒక షరతు మీద: తీగ వాద్యాలు తక్కువుండాలి. ఒక్కో వాద్య వరసకు ఒకరు చాలు. పెద్ద ఆర్కెస్ట్రాలో ఈ వాద్యం మునిగిపోతుంది. మొదటి ఆరు బార్లలో (తాళం ఆవర్తాల్లో) అందరూ ఒకే వరస వాయిస్తారు. అక్కడ మీటు చప్పుడు చెవికి అందకపోతే ఆ రికార్డింగు పక్కన పెట్టేయండి.

జి మైనర్‌లో నెమ్మదిగా సాగే రెండో భాగం అడాజియోలో మాత్రం పియానోదే పైచేయి: స్వరం నిలుస్తుంది, హెచ్చుతగ్గులు పలుకుతాయి.

ఆర్గన్ మీదా వినొచ్చు. ఈ సంగీతాన్నే బాఖ్ 146, 188 నంబర్ల కాంటాటాల్లో (చర్చిలో పాడే రచనల్లో) ఆర్గన్‌కి వాడుకున్నాడు. వయొలిన్‌కి తిరగరాసినవీ ఉన్నాయి, కుతూహలానికి సరిపోతాయి.

ఇంట్లో కీబోర్డు మీద ప్రయత్నిస్తే హార్ప్సికార్డ్ వాయిస్ పెట్టి, నొక్కే బలాన్ని బట్టి శబ్దం మార్చే టచ్ రెస్పాన్స్ ఆపేయండి. లేకపోతే కొన్ని కీబోర్డుల్లో అది పియానోలాగే హెచ్చుతగ్గులు పలుకుతుంది. పాతకాలపు వాద్యాలతో చేసిన రికార్డింగులు చాలావరకు ఎ = 415 శ్రుతిలో (ఎ స్వరం 415 హెర్ట్జ్), అంటే నేటి శ్రుతికి అర స్వరం కింద ఉంటాయి. కలిపి వాయించాలంటే ట్రాన్స్‌పోజ్ −1 పెట్టుకోండి.