గణిత విభాగపు కోర్సు సలహా కేంద్రం: ఏడు భేటీల తర్వాత ఒక సమీక్ష

మా విశ్వవిద్యాలయంలో గణిత విభాగం నడిపే కోర్సు సలహా కేంద్రానికి గత మూడేళ్ళలో నేను ఏడుసార్లు వెళ్ళాను. కంప్యూటర్ సైన్సులో చేరి, మొదటి సంవత్సరం ముగిసేలోగా గణితాన్ని రెండో ప్రధాన విషయంగా ఎంచుకున్నాను. ఏ కోర్సు తీసుకోవాలి, ఎప్పుడు తీసుకోవాలి, దేన్ని దేనితో కలపకూడదు అన్న మూడు సందేహాలూ అప్పటి నుంచి ప్రతి సెమిస్టరులోనూ వెంటాడుతూనే ఉన్నాయి. ఇప్పుడు చివరి సెమిస్టరులో ఉన్నాను. ఈ కేంద్రం వల్ల ఒక సంవత్సరం మిగిలింది, ఒక సెమిస్టరు దాదాపు చేజారింది. రెండింటినీ ఉన్నదున్నట్టు చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం. ఐదుకు నాలుగు ఇస్తాను; ఆ నాలుగులో సగానికి పైగా మొదటి భేటీకే చెందుతుంది.

రెండో సెమిస్టరు మధ్యలో మొదటిసారి వెళ్ళాను. ఒక్కో విద్యార్థికి అరగంట కేటాయిస్తారు. కోర్సుల జాబితా ముందే అచ్చు తీసుకుని, తీసుకోవాలనుకున్నవాటికి టిక్కులు పెట్టుకుని, అంతా సిద్ధంగా ఉందన్న ధీమాతో కూర్చున్నాను. అక్కడున్న ఆచార్యురాలు ఆ జాబితాను చూడనైనా చూడలేదు. దాన్ని బోర్లించి, వెనుక వైపు ఖాళీగా ఉన్న కాగితాన్ని నా ముందుకు జరిపి, "చివరి సెమిస్టరులో మీరు ఏ తరగతిలో కూర్చుని ఉండాలనుకుంటున్నారు?" అని అడిగారు. అప్పటికి నాకు తెలిసింది తక్కువే అయినా, సంభావ్యతను లోతుగా చదవాలని ఉందని చెప్పాను. ఆమె కాగితం కుడి అంచున ఆ పేరు రాసి, అక్కడి నుంచి ఎడమకు బాణాలు గీస్తూ వచ్చారు. ఉన్నత స్థాయి సంభావ్యతకు మాన సిద్ధాంతం (పొడవు, వైశాల్యం వంటి కొలతలను సమితులకు విస్తరించే శాస్త్రం) కావాలి, ఎందుకంటే 1933లో రష్యన్ గణిత శాస్త్రజ్ఞుడు కొల్మొగొరోవ్ ఆ విషయాన్ని నిలబెట్టింది ఆ పునాది మీదే. మాన సిద్ధాంతానికి వాస్తవ విశ్లేషణ (కలన గణితపు పునాదులను నిరూపణలతో చదివే కోర్సు) రెండు భాగాలూ కావాలి. విశ్లేషణకు ముందు నిరూపణలు రాయడం నేర్పే కోర్సు కావాలి. దానికి ముందు రేఖీయ బీజగణితం, దానికి ముందు కలన గణితం రెండు భాగాలు. లెక్కపెడితే ఎనిమిది కోర్సుల గొలుసు తేలింది, నా చేతిలో ఉన్నవి మొత్తం ఎనిమిది సెమిస్టర్లు.

నేను తయారు చేసుకున్న జాబితాలో నిరూపణల కోర్సు ఐదో సెమిస్టరులో ఉంది, ఎప్పుడైనా తీసుకోవచ్చు కదా అన్న ఉద్దేశంతో. విశ్లేషణ మొదటి భాగాన్ని ప్రతి విద్యా సంవత్సరం మొదటి సెమిస్టరులో మాత్రమే, రెండో భాగాన్ని రెండో సెమిస్టరులో మాత్రమే బోధిస్తారు. కనుక నా పథకం ప్రకారం విశ్లేషణ మొదలయ్యేది ఏడో సెమిస్టరులో. నేను కోరుకున్న తరగతికి చేరాలంటే డిగ్రీ మరో ఏడాది సాగాలి. జాబితాలోని టిక్కులన్నీ నిబంధనల ప్రకారం సరైనవే, క్రెడిట్ల మొత్తం కూడా సరిపోయింది. తప్పంతా వరుసలోనే ఉంది. ఎన్ని కోర్సులు మిగిలి ఉన్నాయన్నది కాక, ఒకదాని మీద ఒకటి ఆధారపడే వాటిలో అన్నిటికంటే పొడవైన గొలుసు ఎంత అన్నదే డిగ్రీ కాలాన్ని నిర్ణయిస్తుంది. పెద్ద పెద్ద నిర్మాణాల పనులను వరుసలో పెట్టడానికి 1950ల చివర రూపొందిన క్రిటికల్ పాత్ పద్ధతిలో ఉన్న సూత్రం సరిగ్గా ఇదే. మా విభాగంలోనే ఆ పద్ధతిని పాఠంగా చెప్తారు. పాఠం విన్నవాళ్ళెవరూ తమ కోర్సులకు దాన్ని అన్వయించుకోవడం నేను చూడలేదు, నాతో సహా.

ఆ ఎనిమిదింటి గొలుసులో ఆమె ఒక సందు కనిపెట్టారు. రేఖీయ బీజగణితంతో పాటే నిరూపణల కోర్సును కూడా మూడో సెమిస్టరులో తీసుకోవడానికి విభాగం అనుమతిస్తుంది. అలా చేస్తే ఒక సెమిస్టరు వెసులుబాటు దొరుకుతుంది. నిరూపణల కోర్సు మొదటిసారి సరిగా రాకపోయినా నాలుగో సెమిస్టరులో మళ్ళీ చదువుకోవచ్చు, విశ్లేషణ మాత్రం ఐదులోనే మొదలవుతుంది.

అసలు నిరూపణల కోర్సే వదిలేసి నేరుగా విశ్లేషణకు వెళ్ళవచ్చు కదా అని నేను అడిగాను, ఎందుకంటే కలన గణితంలో నాకు వచ్చిన మార్కులు చాలా ఎక్కువ. ఆమె మార్కుల మాట ఎత్తలేదు. రెండు యొక్క వర్గమూలం కరణీయ సంఖ్య అని ఎందుకు అంటామో ఐదు వాక్యాల్లో రాయమన్నారు. రాశాను. భిన్నంగా రాయగలమని అనుకుని, ఇరువైపులా వర్గం చేసి, లవమూ సరిసంఖ్యే, హారమూ సరిసంఖ్యే అని తేల్చి, "కనుక ఇది అసాధ్యం" అని ముగించాను. లవ హారాలకు ఉమ్మడి కారణాంకం లేని భిన్నాన్నే తీసుకున్నామని మొదట చెప్పడం మరిచిపోయాను. ఆ మాట లేకుండా రెండూ సరిసంఖ్యలైతే మాత్రం వచ్చిన నష్టమేమిటని ఆమె అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. కలన గణితంలో మార్కులు లెక్క చేయగలనా లేదా అన్నదాన్ని కొలుస్తాయి. విశ్లేషణ మొదటి వారం నుంచే అడిగేది, ప్రతి ఎప్సిలాన్‌కూ (ఫలితంలో ఒప్పుకునే తేడాకు) ఒక డెల్టా (ఇచ్చే విలువలో ఉండవలసిన హద్దు) ఉందని చెప్పేటప్పుడు ఆ రెండు మాటల వరుస మారితే అర్థం ఎలా మారిపోతుందో తెలుసా అని. అవిచ్ఛిన్నతకూ ఏకరూప అవిచ్ఛిన్నతకూ తేడా అంతా డెల్టాను ఎంచుకునేది బిందువును చూసిన తర్వాతా, చూడకముందా అన్న దగ్గరే ఉంది. ఆ తేడా పట్టుబడటానికి నాకు నిరూపణల కోర్సులో రెండు నెలలు పట్టింది. ఐదు నిమిషాల ఆ చిన్న పరీక్ష ఏ అర్హత పరీక్షకన్నా నిజాయితీగా నా స్థాయిని చెప్పిందని ఇప్పటికీ అనుకుంటాను.

రేఖీయ బీజగణితం విషయంలో కూడా ఇలాంటి మేలే జరిగింది. మా దగ్గర దాదాపు ఒకే పేరుతో రెండు కోర్సులున్నాయి. ఒకటి మాత్రికలు, అడ్డువరుసల సంక్షేపం, నిర్ధారకాల చుట్టూ తిరిగే గణన ప్రధానమైనది. రెండోది సదిశాంతరాళాలు, రేఖీయ పరివర్తనలతో మొదలై ప్రతి సిద్ధాంతాన్నీ నిరూపిస్తూ సాగేది. కోర్సుల పుస్తకంలో ఇచ్చిన రెండు పంక్తుల వివరణ చదివితే ఈ భేదం తెలియదు. గణన ప్రధానమైనదాన్ని బహుచలరాశుల కలనంతో కలిపి తీసుకోమని, అవకలన సమీకరణాలను ఆ తర్వాతి సెమిస్టరుకు పెట్టుకోమని ఆమె చెప్పారు. నియమాల ప్రకారం అవకలన సమీకరణాలకు రేఖీయ బీజగణితం తప్పనిసరి కాదు. అయినా ఆ కోర్సు మూడో వంతుకు చేరేసరికి సమీకరణాల వ్యవస్థలు వస్తాయి, వాటి సాధనలు మాత్రిక ఐగెన్ విలువల (మాత్రిక కొన్ని దిశలను ఎన్ని రెట్లు సాగదీస్తుందో చెప్పే సంఖ్యల) మీద నడుస్తాయి. ఆ సంగతి ముందే తెలిసిన నేను అక్కడ ఊపిరి పీల్చుకున్నాను, తెలియని నా పక్క విద్యార్థులు అప్పటికప్పుడు రెండు విషయాలు ఒకేసారి నేర్చుకోవలసి వచ్చింది. జాకోబియన్ అనేది ఒక సూత్రం కాదని, బిందువు దగ్గర ప్రమేయాన్ని రేఖీయంగా చూసే మాత్రిక అని అర్థం కావడం కూడా ఆ రెండూ కలిపి చదివిన ఫలితమే. కాగితం మీది నిబంధన ఒకటి, తరగతిలో నిజంగా అవసరమయ్యేది మరొకటి. ఈ రెండో సంగతి చెప్పగలిగినవాళ్ళు ఆ కోర్సు పాఠం చెప్పినవాళ్ళే, మా కేంద్రంలో సలహాదారులుగా ఆచార్యులనే కూర్చోబెట్టడం అందుకే తెలివైన పని.

ఇక ఫిర్యాదు. నాలుగో సెమిస్టరు చివర వెళ్ళినప్పుడు ఆ ఆచార్యురాలు సెలవులో ఉన్నారు, మరొక సలహాదారు ఉన్నారు. గోడ మీద అంటించిన నమూనా పట్టికలో ఐదో సెమిస్టరుకు విశ్లేషణ, అమూర్త బీజగణితం (సమూహాల వంటి నిర్మాణాలను నిరూపణలతో చదివే కోర్సు) పక్కపక్కనే ఉన్నాయి. ఆయన ఆ పట్టికనే నా ఫారంలోకి దించి, మొత్తం క్రెడిట్లు పరిమితి లోపలే ఉన్నాయని సాఫ్ట్‌వేర్ చూపించిన పచ్చ గుర్తు చూసి సంతకం పెట్టారు. సాఫ్ట్‌వేర్‌కు మూడు క్రెడిట్లంటే మూడు క్రెడిట్లే. క్రెడిట్‌కు వారానికి రెండు మూడు గంటలు ఇంటి దగ్గర చదవాలన్న మామూలు అంచనా ప్రారంభ సాంఖ్యక శాస్త్రానికి సరిపోవచ్చు, విశ్లేషణలో అభిసరణం మీద ఇచ్చిన ఒక్క లెక్కే ఆ గంటలన్నిటినీ తినేయగలదు, తిన్నాక కూడా లొంగకపోవచ్చు. నిరూపణ అనేది గంటలు పోస్తే పండే పని కాదు. ఒకరాత్రి వదిలేసి మర్నాడు మళ్ళీ చూస్తేనే దారి కనిపించే పని. అలాంటివి రెండు ఒకే సెమిస్టరులో, ఇంటి పని సమర్పించవలసిన రోజు కూడా ఒకటే అయినప్పుడు, వదిలేయడానికి ఆ రాత్రి ఉండదు. ఆరు వారాలకు బీజగణితంలో సమూహాల కోసెట్ల దగ్గరా, విశ్లేషణలో అనుక్రమాల ఉప అవధుల దగ్గరా ఒకేసారి చిక్కుకుపోయాను. ఉపసంహరణ గడువు ముగియడానికి రెండు రోజుల ముందు బీజగణితాన్ని వదులుకున్నాను. రెండింటిలో ఏది వదలాలో అన్న సందిగ్ధత మాత్రం లేదు, మొదటి భేటీలోని బాణాల కాగితం నా పుస్తకంలో అట్టేపెట్టి ఉంది: విశ్లేషణ గొలుసులో ఉంది, బీజగణితం లేదు. దాన్ని ఏడో సెమిస్టరులో చదివాను, అప్పటికి నిరూపణలు చేతికి వచ్చి ఉండటంతో హాయిగానే సాగింది.

ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువ నొప్పించింది ఆ సలహా తప్పు కావడం కన్నా, నా మొదటి మూడు భేటీల్లో ఏం మాట్లాడుకున్నామో ఆ కేంద్రంలో ఎక్కడా రాసి లేకపోవడం. ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాలి. అరగంటలో పది నిమిషాలు దానికే పోతాయి. రెండో సలహాదారుకు నా నిరూపణల స్థాయి గురించి ఏమీ తెలియదు. తెలిసి ఉంటే పట్టికను అలా దించేవారని నేను అనుకోను.

వేళల విషయానికి వస్తే కేంద్రం సాఫ్ట్‌వేర్ చక్కగా పనిచేస్తుంది. తరగతులు ఒకదాని మీద ఒకటి పడితే ఎర్రగీత చూపిస్తుంది, ట్యుటోరియల్ గంటలను, చివరి పరీక్షల తేదీలను కూడా కలిపి చూపిస్తుంది. విశ్లేషణ తరగతి తర్వాత ఒక గంట ఖాళీ ఉంచుకుని అప్పుడే నోట్సు తిరిగి రాసుకోవాలన్న చిట్కా మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు, బయట వరుసలో నా ముందు కూర్చున్న ఒక సీనియర్ ఇచ్చారు.

వరుసలో కూర్చున్నప్పుడు ఇతరులకు దొరికిన సలహాలూ కొన్ని విన్నాను, తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది (ఇది కూడా సరిచేయవలసిన విషయమే). ఆర్థిక శాస్త్రంలో పరిశోధనకు వెళ్ళదలచిన ఒకరు అవకలన సమీకరణాల రెండో కోర్సు అడిగితే, దానికి బదులు విశ్లేషణ తీసుకోమన్నారు, ఆ రంగంలో పైచదువులకు ఎంపిక చేసేవాళ్ళు వెతికేది దాన్నేనని. యంత్ర అభ్యాసం మీద మోజుతో టోపాలజీ (సాగదీసినా మారని ఆకార లక్షణాల అధ్యయనం) వైపు చూస్తున్న ఇంకొకరిని సంభావ్యత, రేఖీయ బీజగణితం, బహుచలరాశుల కలనం ముందు గట్టిపరుచుకోమన్నారు. యంత్రాలకు నేర్పేటప్పుడు తప్పును మెట్టుమెట్టుగా తగ్గించే గ్రేడియంట్ అవరోహణను అర్థం చేసుకోవడానికి కలన గణితంలోని గొలుసు సూత్రం (చైన్ రూల్) కావాలి కానీ టోపాలజీ అక్కరలేదు. జీవశాస్త్రం చదివే అమ్మాయికి కలన గణితం మూడో భాగం వద్దని, సాంఖ్యక శాస్త్రం చాలని చెప్పారు. తమ విభాగపు కోర్సునే వద్దని చెప్పగల సలహాదారుల మీద నాకు నమ్మకం పెరిగింది. పాఠశాల పరీక్షల మార్కులతో మొదటి కలన గణితం మినహాయింపు వచ్చినవాళ్ళకు చెప్పే మాట ఇంకా నచ్చింది: మినహాయింపు తీసుకునే ముందు ఆ కోర్సు పాత చివరి ప్రశ్నపత్రాన్ని ఇంట్లో గడియారం పెట్టుకుని రాసి చూడమంటారు, తడబడితే ఆ కోర్సే మళ్ళీ చదవమంటారు.

వెళ్ళదలచుకున్నవాళ్ళు నమోదు వారానికి కనీసం నెల ముందే సమయం తీసుకోవాలి, ఆ వారంలో ఖాళీలు దొరకవు, దొరికినా సలహాదారులు సంతకాల హడావిడిలో ఉంటారు. ఏ ఆచార్యులు ఏ కోర్సు చెప్తారో అప్పటికి ఖరారు కాకపోవచ్చు. అయినా ముందు వెళ్ళడమే మేలు, వరుసలో వచ్చే తప్పును ఏ ఆచార్యులూ సరిచేయలేరు. కోర్సుల జాబితాకు బదులు చివరి సెమిస్టరులో చదవాలనుకునే ఒకటి రెండు కోర్సుల పేర్లు, ఇప్పటిదాకా చదివినవాటి పాఠ్య ప్రణాళికలు, వీలైతే స్వయంగా రాసిన ఒక నిరూపణ పట్టుకుని వెళ్ళండి. గత భేటీలో అనుకున్నవి ఒక కాగితం మీద రాసి వాళ్ళ చేతికే ఇవ్వండి, ఎందుకంటే వాళ్ళు రాసుకోరు.

కిందటి నెల ఏడోసారి వెళ్ళాను, ఉన్నత సంభావ్యతలో చేరాక వచ్చిన ఒక చిన్న సందేహం కోసం. మొదటి రోజు కలిసిన ఆచార్యురాలే ఉన్నారు. గోడ మీద పట్టిక మారింది. విశ్లేషణ ఐదో సెమిస్టరులోనే ఉంది, అమూర్త బీజగణితం ఏడుకు జరిగింది. అడుగున సవరించిన తేదీ వేయవలసిన చోటు మాత్రం ఖాళీగానే ఉంది. వేయమని చెప్పి వచ్చాను.