నింటెండో గోల్ఫా, మెగా డ్రైవ్ గోల్ఫా?

బెంగళూరు మారతహళ్లిలో వాన పట్టిన ఆదివారాల్లో పాత వీడియో గేముల మీద తమ్ముడికీ నాకూ ఇదే వాదన. వాడిది 1984 నాటి నింటెండో ‘గోల్ఫ్’ పక్షం. మూడుసార్లు బటన్ నొక్కి బంతి కొట్టే పద్ధతి అందులో చక్కగా కుదిరింది. దాని ప్రోగ్రామ్ రాసిన సతోరు ఇవాతా 2002లో నింటెండో అధ్యక్షుడయ్యారు. కానీ కోర్సు, అంటే ఆడే మైదానం, పైనుంచి చూసిన చదునైన పటమే.

నా ఓటు 1991లో సెగా కంపెనీ గేమ్ యంత్రం మెగా డ్రైవ్‌కు వచ్చిన ‘పీజీఏ టూర్ గోల్ఫ్’కే. ఆటగాడి వెనక నిలబడి చూస్తున్నట్టు మైదానం పరుచుకుంటుంది. బంతిని గుంటలోకి దొర్లించే ముందు గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) వాలును గళ్ల వలలా చూపిస్తుంది. ఆ వాలును చదవడమే అసలు గోల్ఫ్! అమెరికాలోని సాగ్రాస్ కోర్సు 17వ హోల్‌లో గ్రీన్ చుట్టూ నీళ్లే. అక్కడ బంతి ఆగినప్పటి ఊరట నాకు మరే పాత ఆటలోనూ దొరకలేదు. భోజనానికి పిలిచేలోగా ఒక రౌండ్ ముగించాలంటే మాత్రం తమ్ముడి క్యాసెట్టే మేలు.