‘అన్ని దేశాలకూ ఒకటే’ అడాప్టర్: ఆరు నెలల వాడకం తర్వాత

అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా. పక్కనున్న మీటలను జరిపితే ఒక్కో వైపు నుంచి ఒక్కో దేశపు పిన్నులు బయటికి వస్తాయి. ముందువైపు ఏ ప్లగ్గునైనా పట్టే కన్నాల గుంపు, అడుగున మూడు యూఎస్‌బీ రంధ్రాలు ఉంటాయి. రకరకాల పేర్లతో దాదాపు ఇదే రూపంలో దొరికే ఈ ‘యూనివర్సల్’ ట్రావెల్ అడాప్టర్‌ను ఆరు నెలల్లో బ్రిటన్, జర్మనీ, జపాన్, అమెరికాలలో వాడాను. ఫోను, కెమెరా ఛార్జర్ల వరకు దీనికి వంక పెట్టలేను. వేడి పుట్టించే వస్తువుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పెట్టె మీద రాసిన మాటలకూ లోపలి వస్తువుకూ పొంతన కుదరదు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘100-240 వోల్టులు’ అని ఉంటుంది. అది చదివిన వారెవరికైనా ఈ డబ్బా వోల్టేజీని సర్దుతుందనే అనిపిస్తుంది. నిజానికి ఆ అంకెలకు అర్థం, అంత వోల్టేజీని ఇది తట్టుకుంటుందని మాత్రమే; గోడలో ఎంత ఉంటే అంతే మన వస్తువుకు చేరుతుంది, మారేది పిన్నుల ఆకారం ఒక్కటే. జపాన్‌లో 100, అమెరికాలో 120, ఐరోపాలో 230 వోల్టుల సరఫరా ఉంటుంది కనుక, చూడవలసింది అడాప్టర్ పెట్టెను కాదు, మన వస్తువు అడుగున ఉన్న సన్నని అక్షరాల చీటీని. అక్కడ ‘ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే నిశ్చింతగా వాడవచ్చు. నేను తీసుకెళ్లిన లీటరు కెటిల్ మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉంది. టోక్యోలో దాన్ని తగిలిస్తే అరగంట దాటినా నీళ్లు మరగలేదు. వేడి తీగలో పుట్టే శక్తి వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే సంఖ్యను, బట్టి మారుతుంది కాబట్టి, 230 నుంచి 100కు తగ్గేసరికి ఆ వెయ్యి వాట్ల కెటిల్ 190 వాట్లకు పడిపోయింది. అది విసుగు పుట్టించిందే తప్ప ప్రమాదం తేలేదు.

ప్రమాదమంతా దీనికి ఎదురు దిశలో ఉంది. అమెరికాలో కొన్న, 120 వోల్టులకు మాత్రమే పనికివచ్చే 40 వాట్ల హెయిర్ స్ట్రెయిటెనర్‌ను మా చెల్లెలు బెర్లిన్‌లో ఇదే డబ్బాకు తగిలించింది. నిమిషం తిరక్కముందే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, పిడి దగ్గర పసుపు రంగు తిరిగింది. ‘ఫ్యూజు రక్షణ’ అని గొప్పగా చెప్పుకునే అడాప్టర్‌లోని 8 ఆంపియర్ల ఫ్యూజు చెక్కు చెదరలేదు. లెక్క వేస్తే అందులో వింతేమీ లేదు: 230 వోల్టుల దగ్గర ఆ స్ట్రెయిటెనర్ దాదాపు 147 వాట్లు లాగుతుంది, అంటే ముప్పావు ఆంపియరు కూడా కాదు. ఆ ఫ్యూజు కాపాడేది అడాప్టర్‌నే గాని మన వస్తువును కాదు. అదే 8 ఆంపియర్లకు 230 వోల్టుల దగ్గర 1840 వాట్లు, 100 వోల్టుల దగ్గర 800 వాట్లే వస్తాయన్న సంగతి కూడా పెట్టె మీద ఎక్కడా లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చనిది ఎర్త్, అంటే దారి తప్పిన కరెంటును భూమిలోకి పంపే తీగ, విషయం. బ్రిటన్ సాకెట్‌లో కరెంటు సాగే రెండు కన్నాలకు (లైవ్, న్యూట్రల్) లోపల చిన్న తలుపులుంటాయి. మిగతా రెంటికన్నా పొడవైన ఎర్త్ పిన్ను ముందుగా దూరి వాటిని తెరుస్తుంది. ఈ డబ్బాలో ఆ మూడో పిన్ను ప్లాస్టిక్‌ది. తలుపులు తెరవడంతో దాని పని సరి. ముందువైపు మూడు పిన్నుల ప్లగ్గు దర్జాగా పడుతుంది గాని, మూడో కన్నం వెనక తీగ లేదు. లండన్‌లో లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ మీద మణికట్టు ఆనించినప్పుడల్లా సన్నగా జుమ్మనేది. ఛార్జర్‌లో విద్యుత్ రొదను వడకట్టే ఫిల్టర్ కెపాసిటర్లనే భాగాల గుండా కారే అతి స్వల్ప కరెంటుకు భూమిలోకి దారి లేకపోవడమే దానికి కారణం. ఎర్త్ ఉన్న విడి అడాప్టర్‌కు మార్చగానే ఆ జుమ్మనడం ఆగిపోయింది. ఇస్త్రీపెట్టె వంటి మూడు పిన్నుల లోహపు వస్తువును మాత్రం దీనికి ఎంతమాత్రం తగిలించకూడదు, ఎందుకంటే లోపల తీగ ఊడి ఆ వస్తువు లోహపు ఒంటికి తగిలితే ఆ కరెంటు పోవడానికి మిగిలే దారి మన చేయే. చతురస్రంలో మరో చతురస్రం గుర్తున్న వస్తువులకు ఎర్త్ అవసరం లేదు గనుక వాటికి ఈ ఇబ్బంది రాదు.

గోడలో కుదురుగా నిలవడంలోనూ దేశానికో తీరు కనబడింది. జర్మనీ సాకెట్ గుండ్రని గుంటలా లోపలికి ఉంటుంది. చతురస్రపు డబ్బా అందులో దిగక, సన్నని పిన్నుల మీదే బరువంతా వేలాడి, ఛార్జర్ కూడా తగిలిస్తే ముందుకు వాలిపోయేది. అలా వదులైన చోటే వేడి పుడుతుంది. ఒక రాత్రి మూడు యూఎస్‌బీ రంధ్రాలూ నింపి, ముందు ల్యాప్‌టాప్ పెట్టి పడుకుంటే, తెల్లవారి డబ్బాను రెండు క్షణాలకు మించి పట్టుకోలేకపోయాను. అప్పటి నుంచి ఒకసారికి ఒకటో రెండో వస్తువులే పెడుతున్నాను, పరుపు మీదికో తెర వెనక్కో పోనివ్వడం లేదు.

అమెరికా సాకెట్‌లో ఈ డబ్బా గట్టిగానే కూర్చుంది. యూఎస్‌బీ ఛార్జింగ్ వేగం మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే. బ్రిటన్ పిన్నుల మీట లాకు మాత్రం అయిదో నెలలో వదులై, ప్లగ్గు నొక్కితే పిన్నులు వెనక్కి జారడం మొదలుపెట్టాయి.

అయిదుకు మూడు మార్కులు ఇస్తాను, అవీ చిన్న ఛార్జర్లకే. ల్యాప్‌టాప్ కోసం బ్రిటన్‌కు ఒకటి, జర్మనీకి ఒకటి ఎర్త్ ఉన్న విడి అడాప్టర్లు కొన్నాను. రెండూ కలిపినా ఈ డబ్బా కన్నా తేలికగానే ఉన్నాయి. కెటిల్ ఇప్పుడు ప్రయాణపు సంచిలోకి ఎక్కడం లేదు.