స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి మంచి స్కోపు: హాక్ వాంటేజ్ 3-9×40 ఏఓ రివ్యూ

రైఫిల్ డబ్బాలో ఉచితంగా వచ్చే 4×20 స్కోపుతో (తుపాకీ మీద బిగించి గురి చూసే దుర్భిణీ, బొమ్మ 4 రెట్లు) ఎవరూ ఎక్కువ రోజులు సర్దుకోలేరు. గొట్టం సన్నం, ముందు అద్దం 20 మి.మీ. లెక్క ప్రకారం (20ని 4తో భాగిస్తే) కంటికి 5 మి.మీ. వెడల్పు వెలుగు రావాలి. నాసిరకం గాజు, సరైన పూత లేని అద్దాలు అందులో చాలా భాగం మింగేస్తాయి. సాయంత్రం అయిదున్నర దాటితే నల్ల గీతలు నల్ల టార్గెట్‌లో కలిసిపోతాయి. దాన్ని తీసేసి హాక్ వాంటేజ్ 3-9×40 ఏఓ (3 నుంచి 9 రెట్ల జూమ్, 40 మి.మీ. ముందు అద్దం, ఆ అద్దాన్ని దూరానికి తగ్గట్టు సరిచేసే రింగు) పెడితే ఏం మారుతుందో, ఏం మారదో ఇక్కడ చూద్దాం. తుపాకీ 0.177 అంగుళాల (4.5 మి.మీ.) స్ప్రింగ్ రైఫిల్, దూరం 10 నుంచి 25 మీటర్లు, గురి కాగితం మీద.

కాగితం మీదే అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు (గొట్టం లోపలి వెడల్పు) 0.177 అంగుళాలు, శక్తి 20 జూల్స్ మించని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదంటే వేటకు అనుమతి ఇచ్చినట్టు కాదు. 1972 వన్యప్రాణి చట్టం అమల్లోనే ఉంది. రొయ్యల గుంటల మీద వాలే నీటికాకుల కోసం స్కోపు కొనేవాళ్లు ఆ డబ్బుతో గుంట మీద వల కట్టించుకోవడం మేలు. ఇంకో సంగతి: 10 మీటర్ల ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో స్కోపు పెట్టనివ్వరు. ఆ దారిలో వెళ్లే పిల్లలకి ఇది కొనివ్వకండి.

ఇక సరుకు సంగతి. అందరూ 9 రెట్ల పెద్ద బొమ్మ చూసి కొంటారు. డబ్బు నిజంగా పోయేది మాత్రం ముందు అద్దం చుట్టూ తిరిగే రింగుకి, అదే ఏఓ. మామూలు స్కోపులు చాలా వాటిని ఫ్యాక్టరీలో 100 గజాలకి సరిచేసి పంపుతారు. అలాంటి 32 మి.మీ. స్కోపుతో 25 మీటర్ల టార్గెట్ చూస్తూ, తుపాకీ కదపకుండా తల మాత్రం అటూ ఇటూ జరపండి. ప్లస్ గుర్తు కాగితం మీద పాకుతుంది. కన్ను పూర్తిగా అంచుకి పోతే తేడా 11 మి.మీ. దాటుతుంది, 10 మీటర్లలో 14 మి.మీ. దాకా పోతుంది. రెండు రూపాయల బిళ్లంత గ్రూపు (పెల్లెట్లన్నీ ఒకేచోట పడ్డ గుంపు) రావాల్సిన చోట పెల్లెట్లు చెల్లాచెదురైతే, చాలామంది బ్యారెల్‌ని తిడతారు. తప్పు చాలాసార్లు చెంప ఆనించిన చోటుదే.

వాంటేజ్‌లో ఆ రింగు 10 గజాల నుంచి మొదలవుతుంది. దాని మీద అంకెలు గజాల్లో ఉంటాయి. మన 10 మీటర్లు అంటే 11 గజాలు, 25 మీటర్లు అంటే 27. అంకెని గుడ్డిగా నమ్మకండి. మొదట కంటి వైపు ఉన్న రింగు తిప్పి, ఆకాశం కేసి చూస్తూ (సూర్యుడి వైపు కాదు) గీతలు నల్లగా తెగినట్టు కనిపించేలా పెట్టుకోవాలి. తర్వాత 9 రెట్లలో టార్గెట్ మీద ఏఓ తిప్పి, తల జరిపినా గుర్తు కదలని చోట ఆపాలి. అక్కడ సన్నటి రంగు పెన్సిలుతో గీత పెట్టుకుంటే మళ్లీ వెతకక్కర్లేదు. ఇబ్బంది ఏమిటంటే, రింగు ముందు వైపు ఉండటం వల్ల గురిలో ఉండగా చెయ్యి చాచాలి. పక్కన గుండీతో తిరిగే మోడళ్లలో ఈ బాధ లేదు, ధర మాత్రం పైకి పోతుంది.

రెండోది స్కోపు ఒళ్లు, అంటే దెబ్బలు తట్టుకునే గట్టిదనం. స్ప్రింగ్ రైఫిల్ రెండు దెబ్బలు కొడుతుంది. పిస్టన్ ముందుకు దూసుకెళ్లేటప్పుడు తుపాకీ వెనక్కి, అది చివర ఆగేటప్పుడు తుపాకీ ముందుకి. మందుగుండు రైఫిల్ కోసం చేసిన స్కోపు మొదటి దెబ్బకి సిద్ధంగా ఉంటుంది, రెండోదానికి ఉండదు. లోపలి లెన్సు గొట్టం వదులవుతుంది, ఒక్కోసారి గీతలే పక్కకి తిరిగిపోతాయి. అందుకే ఏ కంపెనీది కొన్నా ‘స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుంది’ అని కంపెనీ రాతపూర్వకంగా చెప్పిందో లేదో చూడండి. పేరున్న బ్రాండ్ల పేరుతో నకిలీ 3-9×40లు ఆన్‌లైన్‌లో బోలెడు. ముందు అద్దం కెంపు రంగులో మెరవడం, గురి సరిచేసే గుండీ తిప్పితే క్లిక్కు స్పష్టంగా తగలకపోవడం, సీరియల్ నంబరు లేకపోవడం, ఈ మూడూ కనిపిస్తే వెంటనే వాపసు పంపండి.

ఎంత మంచి స్కోపైనా మౌంటు (స్కోపుని తుపాకీకి బిగించే పట్టు) దగ్గర చెడుతుంది. తుపాకీ మీది గాడిని 11 మి.మీ. అంటారు గానీ వెడల్పు ఒక్కో రైఫిల్‌కి ఒక్కోలా ఉంటుంది. 25.4 మి.మీ. గొట్టానికి సరిపోయే ఒకే ముక్క మౌంటు, కింద స్టాప్ పిన్ ఉన్నది తీసుకోండి. ఆ పిన్ రిసీవర్ (గాడి ఉండే తుపాకీ ఒంటి భాగం) మీది రంధ్రంలో దిగాలి. లేకపోతే నూరు దెబ్బలకి మౌంటు వెనక్కి జారి గాడి మీద మెరిసే గీత పడుతుంది. గాడిలో నూనె తుడిచేయాలి. రింగు స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ, రెండు వైపులా సందు సమానంగా ఉంచాలి. 2 న్యూటన్ మీటర్లు దాటితే గొట్టం నొక్కుకుపోయి జూమ్ రింగు బిగుసుకుంటుంది. థ్రెడ్‌లాకర్ (స్క్రూలు వదులవకుండా పూసే జిగురు) నీలం రంగుది, అదీ గాడి స్క్రూలకే.

బ్యారెల్‌ని కీలు దగ్గర కిందికి వంచి పెల్లెట్టు పెట్టే రైఫిళ్లలో ఇంకో చిక్కు. బ్యారెల్ కాస్త కిందికి వాలి ఉంటుంది. పైకి ఎన్ని క్లిక్కులు తిప్పినా పెల్లెట్టు కిందే పడుతుంటే స్కోపు పాడైందనుకోవద్దు. వెనక రింగులో గొట్టం కింద పాత ఫిల్ము ముక్క ఒకటి పెట్టండి, లేదా వాలు సరిచేసే మౌంటు కొనండి. టరెట్‌ని (క్లిక్కులు తిప్పే గుండీ) చివరి దాకా తిప్పి వాడితే లోపలి స్ప్రింగుకి పట్టు తగ్గి గురి నిలవదు.

ఒక్కో క్లిక్కు పావు నిమిషం కోణం (నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), అంటే 25 మీటర్లలో 1.8 మి.మీ. జీరో చేశాక (గురి పెట్టిన చోటే పెల్లెట్టు పడేలా సరిచేశాక) పరీక్షకి 40 క్లిక్కులు కుడికి, 40 పైకి, 40 ఎడమకి, 40 కిందికి తిప్పుతూ ఒక్కో మూలకి మూడేసి పెల్లెట్లు కొట్టండి. ఒక్కో భుజం 73 మి.మీ. ఉన్న చతురస్రం వచ్చి, చివరి గ్రూపు మొదటి దాని మీదే పడితే స్కోపు మంచిది. 25 మీటర్లకి జీరో చేసిన రైఫిల్ 10 మీటర్లలో సుమారు ఒక సెంటీమీటరు కిందికి కొడుతుంది. స్కోపు బోరు కన్నా ఎత్తులో ఉండటం వల్ల అది సహజం. గీతల మీద ఉండే మిల్ డాట్ కొలత చుక్కలతో ఆ తేడా పట్టుకోవచ్చు గానీ, జూమ్ మారిస్తే చుక్కల కొలత మారిపోతుంది. ఒక జూమ్‌కి అలవాటు పడి దాని మీదే ఉండటం తెలివి.

ఇదంతా పొద్దున్నే చేయాలి. నెల్లూరు, కొత్తపట్నం వైపు మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే తేలిక పెల్లెట్టు పక్కకి పోతుంది, మనం క్లిక్కులు తిప్పి చెడగొట్టుకుంటాం. రోహిణి కార్తెలో ఎండ నేల మీద 9 రెట్లలో బొమ్మ నీళ్లలోలా ఆడుతుంది. 6కి దింపితే కుదురుతుంది. ఆ వాతావరణంలో కారు డిక్కీలో వదిలేయవద్దు. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చినప్పుడు అద్దం మీద పట్టే ఆవిరి దానంతట అదే పోయే దాకా ఆగండి, చొక్కా అంచుతో తుడవకండి. తీరం ఇసుక గీతలు పెడుతుంది, ముందు ఊదే బల్బుతో దులపాలి. కార్తీకం దాకా వానల్లో మూసిన గుడ్డ సంచిలో పెడితే అద్దాలకి బూజు పడుతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, రంగు మారినప్పుడల్లా మార్చండి.

లోపాలు చెప్పాలంటే, 4×20తో పోలిస్తే బరువు బాగా ఎక్కువ, తేలికపాటి రైఫిల్ పైభాగం బరువెక్కి చేతిలో దొర్లుతుంది. స్కోపు ముందు భాగం కొన్ని రైఫిళ్లలో బ్రీచ్ (బ్యారెల్ వెనక కొస, పెల్లెట్టు పెట్టే చోటు) మీదికి వచ్చి పెల్లెట్టు పెట్టే వేలికి అడ్డం పడుతుంది. కొనే ముందు గాడి నుంచి బ్రీచ్ దాకా స్కేలుతో కొలిచి చూడండి.