గిటార్ లేని గ్రీన్‌వుడ్: 'దేర్ విల్ బి బ్లడ్' సౌండ్‌ట్రాక్ కొనొచ్చా?

'దేర్ విల్ బి బ్లడ్' చమురు వ్యాపారి కథ చెప్పే హాలీవుడ్ సినిమా. దాని నేపథ్య సంగీతం బ్రిటిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్‌ది. ఆయన పేరు చూసి ఈ ఆల్బం కొనేవాళ్లకు ముందే చెప్పాలి: ఇందులో రాక్ గిటార్ లేదు, డ్రమ్ కిట్ లేదు, పాటలు అసలే లేవు. 2007లో నాన్‌సచ్ సంస్థ విడుదల చేసింది. 11 ట్రాకులు, అన్నీ కలిపి సుమారు 33 నిమిషాలు. దాదాపు అంతా వయొలిన్ కుటుంబపు వాద్యాలే.

మొదట 'హెన్రీ ప్లెయిన్‌వ్యూ' వినండి. ఒక్కో వయొలిన్‌కు ఒక్కో స్వరం, అన్నీ పక్కపక్కనే. ఒకదాన్నొకటి ఒరుసుకుని హోరెత్తుతాయి, ఆపైన అంతా కలిసి జారతాయి. మన వయొలిన్‌లో జారు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దారి చూపిస్తుంది. ఇక్కడ గుంపంతా జారుతుంటే ఏ స్వరం మీదా చెవి నిలవదు. సినిమా మొదట్లో దాదాపు పావుగంట సేపు సంభాషణే ఉండదు. ఖాళీ కొండలను చూపిస్తూనే భయపెట్టగలిగారంటే కారణం ఈ తరహా సంగీతమే.

ఇందులో అన్నీ సినిమా కోసమే పుట్టినవి కావు. బీబీసీ కన్సర్ట్ ఆర్కెస్ట్రా 2005లో వాయించిన 'పాప్‌కార్న్ సూపర్‌హెట్ రిసీవర్' అనే ఆయన రచన నుంచి చాలా తీసుకున్నారు. రేడియో గరగర, పోలిష్ స్వరకర్త పెండెరెట్‌స్కీ ప్రభావం అందులోవే. ముందే ఉన్న సంగీతం ఎక్కువైందని ఆస్కార్ పోటీకి అర్హత దక్కలేదు. 2008 బెర్లిన్ చలనచిత్రోత్సవంలో మాత్రం ఈ సంగీతానికే సిల్వర్ బేర్ అవార్డు వచ్చింది. రాక్ నుంచి సినిమాకు వచ్చేవాళ్లు చాలామంది తమ బ్యాండ్ శబ్దాన్నే మెల్లగా వాయించి నేపథ్య సంగీతం అంటారు. గ్రీన్‌వుడ్ అప్పటికే ఆర్కెస్ట్రాకు నొటేషన్ రాస్తున్నాడు, తేడా అక్కడుంది.

'ఫ్యూచర్ మార్కెట్స్', 'ప్రూవెన్ ల్యాండ్స్' లయ మీద నడుస్తాయి. రాక్ చెవికి ముందు పట్టుబడేవి ఇవే. 'ప్రాస్పెక్టర్స్ అరైవ్', చివరి 'ప్రాస్పెక్టర్స్ క్వార్టెట్' వెంటవెంటనే వింటే ఒకే బాణీ నాలుగు వాద్యాలకు కుదించినప్పుడు ఎలా మారుతుందో తెలుస్తుంది.

పెద్ద లోటు ఒకటుంది. చమురు బావి తగలబడే ఘట్టంలో వేర్వేరు వేగాలతో కొట్టుకునే తాళవాద్యాల 'కన్వర్జెన్స్' ఈ ఆల్బంలో లేదు. అది ఆయన 2003 ఆల్బం 'బాడీసాంగ్'లోది. ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పార్ట్ రచన 'ఫ్రాత్రెస్', జర్మన్ స్వరకర్త బ్రామ్స్ వయొలిన్ కన్సర్టో మూడో భాగం కూడా లేవు. సినిమాలో విన్నదంతా కావాలంటే ఈ మూడూ వెతికి ప్లేలిస్టులో కలుపుకోవాల్సిందే. సినిమా గుర్తుగా కొనేవాళ్లకు ఇది నిజంగా చిరాకే.

ఫోన్ స్పీకర్‌లో వినొద్దు. వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దదైన డబుల్ బేస్ మంద్రమంతా పోయి పైన గీరుడు శబ్దం మాత్రమే మిగులుతుంది. ఇయర్‌ఫోన్స్‌తో వినేటప్పుడు నెమ్మది భాగాల దగ్గర వాల్యూమ్ పెంచేసి వదిలేయకండి, గుంపు వయొలిన్లు వచ్చేసరికి చెవులు చిల్లులు పడతాయి.

ఇది మరీ భారం అనిపిస్తే ముందు ఆయనదే 'ఫాంటమ్ థ్రెడ్' (2017 సినిమా) సంగీతం వినండి, అందులో కూనిరాగం తీసుకోగల బాణీలున్నాయి. గిటారే కావాలంటే జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో రాజస్థానీ కళాకారులతో కలిసి రికార్డు చేసిన 'జునూన్' (2015) ఉంది.